నేపాలులో మొదటి మూడు రోజులు



2023 డిసెంబరులో మన స్కూలు థింసా జట్టు నేపాలు వెళ్లి వచ్చిన సంగతి మీలో చాలామందికి తెలుసు. అప్పుడు నేను తొమ్మిదో తరగతి. ఇప్పుడు ఇంటరు మొదటి సంవత్సరం. వచ్చిన వారంలోనే అసెంబ్లీలో అయిదు నిమిషాలు మాట్లాడమన్నారు. అయిదు నిమిషాల్లో స్తూపాలు, కోతులు, మంచు కొండలు అయ్యేసరికి గంట కొట్టేశారు. అసలు సంగతికి టైము చాల్లేదు. గోడ పత్రికలో గంట కొట్టేవాళ్లు ఉండరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

మేం మొత్తం పదహారుమందిమి. పన్నెండుమంది ఆడపిల్లలం, పీఈటీ మేడం, తెలుగు మాస్టారు, మోరి ఊదే తాత, తుడుము వాయించే మామ. కాఠ్మాండూలో ఒక స్కూలు వాళ్లు పిల్లల నాట్యాల పండగ పెట్టి మనల్ని పిలిచారు. నేపాలుకి మన దేశం వాళ్లకి వీసా అక్కర్లేదు. పెద్దవాళ్లు ఓటరు కార్డు చూపిస్తే చాలు. పదిహేను నిండని వాళ్లకి ఆధార్ కార్డు, పదిహేను దాటిన పిల్లలకి ప్రిన్సిపాల్ గారు సంతకం పెట్టిన గుర్తింపు పత్రం. ఆ పత్రాలన్నీ మేడం ఒక ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఆ కవరుని చున్నీకి పిన్నీసుతో గుచ్చుకుని, రైల్లో నిద్రలో కూడా తీయలేదు.

జట్టులో అందరికన్నా చిన్నది ఏడో తరగతి పిల్ల. ముంచంగిపుట్టు వైపు, ఒడిశా అంచున ఉన్న ఊరు. ఇప్పుడు తొమ్మిదో తరగతిలో మీ మధ్యనే ఉంది. పేరు రాయొద్దంది, కాబట్టి చిన్నది అనే రాస్తాను. ఎవరో మీకు తెలిసిపోతుంది, అయినా సరే. చిన్నది అప్పట్లో మాట్లాడేది తక్కువ. తెలుగులో ఏదైనా అడిగితే ముందు తల వంచుకుంటుంది, తర్వాత ఒక మాట చెబుతుంది. నాట్యం మాత్రం అడుగు తప్పదు. అందుకే మేడం పట్టుబట్టి తీసుకొచ్చారు.

విశాఖపట్నం నుంచి హౌరా, హౌరాలో మిథిలా ఎక్స్‌ప్రెస్ ఎక్కితే మర్నాడు పొద్దున రక్సౌల్. అది బీహారులో మన దేశం చివరి స్టేషను. రైలు గురించి రాయను, అందరూ రైలు గురించే రాస్తారు. రక్సౌల్లో దిగి రిక్షాల మీద ఒక వంతెన దాటాం. అవతల పెద్ద గేటు. అదే బీర్‌గంజ్. విదేశం అంటే ఏ సముద్రమో దాటాలి, విమానం ఎక్కాలి అనుకున్నాం. పులుసుగుమ్మి గెడ్డ దాటినట్టు దాటేశాం. "ఇదేనా, అయిపోయిందా?" అని తుడుము మామ రెండుసార్లు అడిగాడు.

అయిపోయింది గాని లెక్కలన్నీ మారిపోయాయి. వాళ్ల గడియారం మనకన్నా పదిహేను నిమిషాలు ముందు. అరగంట కాదు, గంట కాదు, సరిగ్గా పావుగంట. వాళ్లు విక్రమ సంవత్సరం పాటిస్తారు, అప్పుడు అక్కడ 2080. మేం 2023లో రిక్షా ఎక్కి 2080లో దిగాం. మన వంద రూపాయలు అక్కడ నూట అరవై. అప్పట్లో వందకన్నా పెద్ద మన నోట్లు అక్కడ చెల్లవని మేడం మొత్తం డబ్బు వంద నోట్లుగా మార్చి తెచ్చారు. ఆ సంచి చూస్తే ఎవరైనా మేడం కోటీశ్వరురాలు అనుకోవాల్సిందే. అప్పట్లో ఆదివారం వాళ్లకి స్కూలుండేది, సెలవు శనివారం. ఈ శనివారం సంగతి గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

బీర్‌గంజ్ నుంచి కాఠ్మాండూ బస్సు పగలంతా పడుతుంది. ముందు చదునైన పొలాలు. తర్వాత కొండలు, త్రిశూలి నది పక్కనే రోడ్డు. నది పచ్చగా, రాళ్ల మీద నురగగా ఉంది. మా అనంతగిరి ఘాటీ చూసిన వాళ్లం కాబట్టి మలుపులకి మేం ఎవరం కక్కుకోలేదు. మాస్టారు కక్కుకున్నారు. (ఇది రాయమని మాస్టారే చెప్పారు.)

బస్సులో మా అందరికీ నోరు పడిపోయింది. హిందీ పీరియడ్ నేర్చుకున్నది ఉంది కదా అనుకున్నాం. బోర్డులు దేవనాగరిలోనే ఉన్నాయి, చదివితే చదవగలం, అర్థం కాదు. పదోతరగతి అక్క ధైర్యం చేసి పక్కావిడని హిందీలో ఏదో అడిగితే ఆవిడ నవ్వి నేపాలీలో పెద్ద జవాబు చెప్పింది. అక్క "హాఁ జీ" అని ఊరుకుంది. పన్నెండుమందిమీ కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాం. మాట రాని చోట మనిషి ఎంత మంచిపిల్ల అయిపోతుందో ఆ రోజు చూడాల్సింది. అల్లరి లేదు, ఆకలని లేదు, ఒంటికి వెళ్లాలని కూడా ఎవరూ చెప్పలేదు.

నాకది కొత్త కాదు. నేను మూడో తరగతిలో వేరే హాస్టల్లో చేరినప్పుడు సరిగ్గా అలాగే ఉన్నాను. మా ఇంట్లో ఆదివాసీ ఒడియా మాట్లాడతాం. బడిలో అంతా తెలుగు. మొదటి నెల నాకు వచ్చిన తెలుగు "ఎస్ టీచర్" ఒకటే, అదీ తెలుగు కాదని తర్వాత తెలిసింది. అక్కడ మా మాట నోట్లోంచి వస్తే మోకాళ్ల మీద నిలబెట్టేవారు. 2004లో మన రాష్ట్రంలో గిరిజన పిల్లలకి వాళ్ల భాషల్లోనే చిన్న తరగతుల పుస్తకాలు వేశారట. ఎనిమిది భాషలు, అందులో ఆదివాసీ ఒడియా కూడా ఉందని మాస్టారు చెప్పారు. అవి మా ఊరి బడిలో నేను చూడలేదు. తెలుగు నేర్చుకున్నాను, తెలుగులో మొదటి మార్కు కూడా వచ్చింది. అయితే ఇంటికి వెళ్తే అమ్మతో మాట్లాడేటప్పుడు కూడా ముందు చుట్టూ ఒకసారి చూసుకోవడం అలవాటైపోయింది.

బస్సులో తాత మాత్రం మాలా కూర్చోలేదు. తాతకి ఏ అక్షరమూ రాదు, తెలుగు అంతంత మాత్రం. కండక్టరుతో తన మాటలో, అంటే మా మాటలో మాట్లాడటం మొదలుపెట్టాడు. "పానీ" అన్నాడు, నీళ్ల సీసా వచ్చింది. కిటికీలోంచి ఆవుని చూపించి "గాయ్" అన్నాడు, కండక్టరు కూడా "గాయ్" అన్నాడు. కుక్క కనిపించింది. తాత "కుకుర్", కండక్టరు "కుకుర్". ఇద్దరూ ఒకళ్ల భుజం ఒకళ్లు చరుచుకున్నారు. ఇల్లు చూపించి "గర్" అంటే అతను "ఘర్" అన్నాడు. కాస్త గాలి ఎక్కువ పెట్టి పలికాడు, అంతే తేడా.

నా పక్కన చిన్నది ఫక్కున నవ్వి వెంటనే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏటే, ఎందుకలా నవ్వుతన్నావు?" అన్నారు మేడం.

"ఏటీ లేదు మేడం" అని తల వంచుకుంది.

రాత్రి ఎనిమిది దాటాక నాగ్‌ధుంగా అనే మిట్ట ఎక్కి దిగితే కింద లోయ నిండా దీపాలు. కాఠ్మాండూ సుమారు 1,400 మీటర్ల ఎత్తున ఉంటుంది. మన అరకు 900 పైచిలుకు. చలి మాకు కొత్తా అనుకున్నాం, లంబసింగి పక్కనుంచి వచ్చిన వాళ్లం కదా. కాని ఆ చలి వేరు. ఆ స్కూలు హాస్టల్లో మెత్తటి సిరక్‌లు ఇచ్చారు, అంటే దూది పెట్టిన దుప్పట్లు. బయట చెయ్యి పెడితే చెయ్యి మనది కాదు.

అప్పుడు వంటావిడ వచ్చి గుమ్మంలో నిలబడి "తాతో పానీ?" అంది.

అందరం ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకున్నాం. పానీ తెలుసు. తాత కూడా తెలుసు. తాతకి నీళ్లు కావాలా అని అడుగుతోంది కాబోలు అని తాత ఉన్న గది చూపించాం. ఆవిడ వెళ్లి తాతకి ఒక గ్లాసు ఇచ్చింది. మళ్లీ వచ్చి "తాతో పానీ?" అంది. మళ్లీ తాత గది చూపించాం. తాత రెండు గ్లాసులు తాగాడు. మూడోసారి వచ్చేసరికి చిన్నది ఇక ఆగలేకపోయింది. "అక్కా, తాతకి కాదు. వేడి నీళ్లు. మనకి" అంది.

"నీకెలా తెలుసు?" అన్నాను.

"మనం కూడా అలాగే అంటాం కదక్కా, కాగిన నీళ్లని."

అంటాం. నిజమే. నాకూ ఆ మాట తెలుసు. చెవిలో పడింది, లోపలికి రాలేదు. ఎందుకంటే హాస్టలు గుమ్మంలో నిలబడి ఎవరైనా మాట్లాడితే దానికి మా మాటతో పని ఉంటుందని నాకు తోచలేదు. చిన్నది గుమ్మం దగ్గరికి వెళ్లి ఆవిడతో ఏదో అంది. ఆవిడ చిన్నదాని గెడ్డం పట్టుకుని ఊపింది. పెద్ద కేనుతో వేడి నీళ్లు వచ్చాయి. కాళ్లు కడుక్కుని పడుకున్నాం. తాతకి ఆ రాత్రి మూడుసార్లు లేవాల్సి వచ్చిందట, పాపం.

రెండో రోజు శనివారం. వాళ్లకి సెలవు కాబట్టి ఊరు చూపించారు. పొద్దున టిఫిను ఉండదు. టీ ఇచ్చి, తొమ్మిదిన్నరకి ఏకంగా అన్నం, పప్పు, కూర. దాన్ని దాల్ భాత్ అంటారు. ఒక పూట ఢిండో పెట్టారు. కోదో పిండి మరిగే నీళ్లలో వేసి తిప్పి తిప్పి ముద్ద చేస్తారు. కోదో అంటే మన చోడి. మాకు చోడి ముద్ద చూసి ప్రాణం లేచొచ్చింది. "ఇది మా పేదోళ్ల తిండి, మీకు పెట్టొచ్చో లేదో" అన్నట్టు ఆవిడ మొహం పెట్టింది. తాత మూడు ముద్దలు తిని చెయ్యి నాకేసరికి ఆవిడకి ఆ భయం పోయింది.

స్వయంభూ స్తూపం దగ్గర 365 మెట్లు. మేం ఎక్కేశాం, మాస్టారు కూర్చుని కూర్చుని వచ్చారు. స్తూపం మీద పెద్ద కళ్లు వేసి ఉంటాయి. కోతులు మన బొర్రా గుహల కోతులకి అన్నదమ్ములు. పై నుంచి ఉత్తరాన తెల్లటి మబ్బు వరస కనిపించింది. కదలడం లేదేంటి అనుకుంటే అది మబ్బు కాదు, మంచు. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ మనలాగే గురుకులంలో చదివిన అమ్మాయి కదా, "అదేనా ఎవరెస్టు?" అని అందరం ఒకేసారి అడిగాం. కాదట. ఇది దగ్గర వరస, ఎవరెస్టు తూర్పున చాలా దూరం.

ఆ రోజు మాతో తిరిగినవాళ్లలో ఒక తమాంగ్ అమ్మాయి ఉంది, నా ఈడే. తమాంగులు కాఠ్మాండూ చుట్టుపక్కల కొండల్లో ఉండే జనం. వాళ్ల భాష వేరు, నేపాలీ వేరు. ఆ అమ్మాయి కూడా నేపాలీ బడిలోనే నేర్చుకుంది. 2021 జనాభా లెక్కల్లో నేపాలులో 124 మాతృభాషలు లెక్క తేలాయి. నేపాలీ ఇంటి భాషగా ఉన్నది సగం మందికి కూడా లేదు. 2015లో వచ్చిన వాళ్ల రాజ్యాంగంలో ఆ దేశంలో మాట్లాడే మాతృభాషలన్నీ జాతీయ భాషలే అని రాసుకున్నారని మాస్టారు చెప్పారు. రాసుకున్నంత మాత్రాన అన్ని బళ్లల్లోనూ ఆ పుస్తకాలు ఉంటాయా అని నేను అడిగితే, "నువ్వు మన సంగతి అడుగుతున్నావా, వాళ్ల సంగతా?" అన్నారు.

సాయంత్రం హాస్టలు మేడ మీద ఎండలో కూర్చున్నాం. తమాంగ్ అమ్మాయి నేపాలీలో నెమ్మదిగా చెబుతుంది. చిన్నది విని, సగం ఊహించి, మా మాటలో నాకు చెబుతుంది. నేను తెలుగులో మిగతావాళ్లకి చెబుతాను. అలా మూడు భాషలు దాటి వచ్చేసరికి ఒక్కో జోకుకి ముగ్గురు మూడుసార్లు నవ్వేవారు. మీ ఊరేది అని అడిగాం. సింధుపాల్చోక్ అంది. ఇప్పుడు ఊళ్లో ఎవరున్నారు అని అడిగాం. అప్పుడు ఒక మాట అంది, "భుఇఁచాలో".

మాకు తెలీలేదు. చిన్నది రెండుసార్లు ఆ మాట తనలో తను అనుకుంది. భుఇఁ అంటే నేల, మాకూ అంతే. చాలో అంటే నడవడం. "నేల నడిచిందట అక్కా" అంది. మాస్టారు వెంటనే "భూకంపం" అన్నారు.

2015 ఏప్రిల్ 25. తీవ్రత 7.8. తొమ్మిది వేలమంది దాకా చనిపోయారు, అందరికన్నా ఎక్కువ సింధుపాల్చోక్ జిల్లాలోనే. అది శనివారం, మధ్యాహ్నం పన్నెండుకి నాలుగు నిమిషాల ముందు. బళ్లు వేలల్లో కూలిపోయాయి, కాని సెలవు కాబట్టి లోపల పిల్లలు లేరు. ఇవన్నీ మాస్టారు తర్వాత చెప్పిన లెక్కలు. ఆ అమ్మాయి చెప్పింది లెక్క కాదు. అప్పుడు తనకి ఆరేళ్లు. నాయనమ్మతో మేకల దగ్గర ఉంది. రాళ్లు, మట్టితో కట్టిన ఇల్లు. ఇక్కడి దాకా చిన్నది ఒక్కో మాటా నాకు అందించింది. ఘర్. మట్టి. మేకలు. నాయనమ్మ. తర్వాత ఆ అమ్మాయి రెండు చేతులూ కలిపి చెంప కింద పెట్టుకుని, తమ్ముడు నిద్రపోతున్నట్టు చూపించింది.

చిన్నది ఆగిపోయింది. నాకేమీ చెప్పలేదు. "ఏటందే?" అని మేడం అడిగారు. చిన్నది జవాబు చెప్పకుండా లేచి వెళ్లి ఆ అమ్మాయి పక్కన కూర్చుంది. మేడం మళ్లీ అడగలేదు.

ఎండ పోయే దాకా అలాగే కూర్చున్నాం. చలి మొదలయ్యాక వంటావిడ కింద నుంచి "తాతో పానీ!" అని కేకేసింది. ఈసారి తమాంగ్ అమ్మాయితో సహా అందరం నవ్వాం.

మూడో రోజు ఆదివారం మా ఆట. ఆ స్కూలు మైదానంలో పిల్లలు, తల్లిదండ్రులు నిండిపోయారు. మైకు దగ్గర ఒక సారు అడుగుల పేర్లు అడిగారు. థింసాలో అడుగులకి పేర్లు ఎలా వచ్చాయో నేను ఎప్పుడూ ఆలోచించలేదు. బొడ, గుండేరి, పొటర్ తోలా, బాగ్. చిన్నప్పటి నుంచి అంటున్నాం, అవి మా మాటలే. పొటర్ తోలా అంటే ఆకులు కోయడం. ఈ నాట్యమే మన స్కూలుకి పేరు తెచ్చింది, కలెక్టరు గారు వచ్చినా మంత్రి గారు వచ్చినా ఇదే ఆడిస్తారు. దాని పేర్లు పెట్టిన మాట మాత్రం డార్మిటరీలో వినిపించకూడదు. నేను తప్పు పట్టడానికి రాయడం లేదు, ఆ రోజు మైకు దగ్గర నిలబడితే తోచింది రాస్తున్నాను.

మేడం చిన్నదాన్ని మైకు ముందుకి తోశారు. తల వంచుకుంది. మైకు కూడా తలతో పాటు వంచింది. "పొటర్" అని, చేత్తో ఆకు కోసినట్టు చూపించింది. ముందు వరసలో పిల్లలు "పాత్! పాత్!" అన్నారు. ఆకుని వాళ్లు పాత్ అంటారు. తర్వాత "బాగ్" అంది. ఒక్క క్షణం ఆగి మైదానం అంతా "బాఘ్!" అని అరిచింది, వెనక నుంచి ఎవరో కుర్రాడు పులిలా గాండ్రించాడు. పులి అని ఎవరూ ఎవరికీ చెప్పనక్కర్లేకపోయింది.

తాత మోరి ఎత్తాడు, మామ తుడుము మీద దెబ్బ వేశాడు. ఒకరి వీపు వెనక నుంచి ఒకరం చేతులు పట్టుకుని కదిలాం. రెండో చుట్టులో తమాంగ్ అమ్మాయిలు డంఫూలు పట్టుకుని వచ్చారు. అది గుండ్రటి చెక్క చట్రానికి ఒక వైపు మేక చర్మం బిగించిన చిన్న వాయిద్యం. తుడుముకి డంఫూకి మొదట కుదరలేదు. మామ కాసేపు వాయించడం ఆపి, చెవి పెట్టి విని, తన దెబ్బ తగ్గించుకున్నాడు. తర్వాత బాగా కుదిరింది. గొలుసు పొడుగైపోయి మైదానం చాల్లేదు. చివరలో ఉన్న చిన్నది ఎవరి చెయ్యి పట్టుకుందో మీరు ఊహించగలరు.

ఆ సాయంత్రం నుంచి చిన్నది ఒక కాగితం మీద మాటలు రాయడం మొదలుపెట్టింది. మూడు వరసలు. ఒకటి నేపాలీ, ఒకటి మా మాట, ఒకటి తెలుగు. లిపి లేదు కదా ఎలా రాస్తావు అంటే, తెలుగు అక్షరాల్లో రాస్తానంది. మేం తిరిగి వచ్చే నాటికి నలభై మూడు మాటలయ్యాయి. బస్సులో, రైల్లో తాత చెబుతూ పోయాడు, అది రాస్తూ పోయింది. రైలు కుదుపులకి కొన్ని అక్షరాలు వంకరగా ఉన్నాయి, సర్దుకోండి.

ఆ కాగితం ఇన్నాళ్లూ దాని ట్రంకు పెట్టెలో ఉంది. పోయిన వారం వార్డెన్ మేడం చూసి, ఒక చార్టు పేపరు ఇచ్చి పెద్దగా రాయమన్నారు. ఈ పత్రిక పక్కనే అంటిస్తున్నాం. నాలుగో వరస ఖాళీగా వదిలాం. కువి, కోయ, సవర, కొండ మాటలు వచ్చినవాళ్లు అందులో రాయండి. పెన్సిలు దారం కట్టి వేలాడదీశాం, దయచేసి ఎవరూ పట్టుకుపోవద్దు.